సీజన్ అయిపోయినాక

గుజ్జు ఫ్యాక్టరీ గేటు మూసి ఇరవై రోజులైంది.
చేతులకు ఇంకా తోతాపురి వాసన.
సున్నిపిండితో రుద్దినా, నిమ్మచెక్కతో తోమినా
గోళ్ల సందుల్లో పసుపు పోలేదు.
"పోనీలే, పెళ్లికొడుకు మాదిరి ఉండావు"
అంటుంది గజలక్ష్మి
తల ఎత్తకుండా, మిషన్ తొక్కతా.

నాలుగు నెలలు నైట్ షిఫ్టు.
నేనొచ్చేసరికి ఇల్లు లేచిపోయుండేది,
నేను లేచేసరికి ఇల్లు పడకలు దులపతా ఉండేది.
ఇప్పుడు పట్టపగలు, మురకంబట్టులో,
మూడేండ్లుగా నేనే బాడుగ కట్టే ఇంట్లో
కొత్తగా దిగిన చుట్టం మాదిరి కూర్చోనుండా.

చక్కెర డబ్బా యాడుందో తెలీదు.
పదకొండు గంటలకు కిటికీ చువ్వల్లోంచి ఎండ దిగి
గ్యాసు సిలిండరు దాకా వస్తుందనీ తెలీదు.
మే నెలలో అది లోపలికే రాలేదంట,
నడినెత్తిన నిలబడి మిద్దెను కాల్చిందంట.
ఇప్పుడు కొంచెం వంగి,
చెప్పులు బయట విడిచి
"అమ్మా, ఉండారా?" అని వచ్చే మనిషి మాదిరి వస్తా ఉంది.

తలుపు వెనక గోడమీద బొగ్గు గీతలు.
పాప పనే అనుకోని కసిరినా.
కాదు. ట్యాంకరు లెక్క.
ఏప్రిల్లో ఆరు. మేలో పదకొండు.
జూన్లో గీతమీద గీత, ఎంచేదానికి లేదు.
ఒకదాని పక్కన చిన్న సున్న:
ఆపొద్దు ట్యాంకరు రాలేదంట,
షంషాదక్క రెండు బిందెలు మోసుకొచ్చి పోసిందంట.
నాకెవురూ చెప్పలేదు.
"చెప్తే పగల నిద్దరపోతావా నువ్వు?" అనింది.
ఆగస్టు రెండోవారం నుంచి గోడ ఉత్తదే.

నిన్న రాత్రి మిద్దెమీద పడుకున్నాం.
ఎండాకాలమంతా తల్లీబిడ్డలు ఆడనే,
చాపకు కూడా ఆ మూల అలవాటైపోయింది.
పన్నెండు దాటినాక గాలి తిరుక్కునింది.
లోహిత నిద్దట్లోనే దుప్పటి ఒక కొస లాక్కునింది,
కాసేపటికి రెండో కొస వాళ్లమ్మ.
నేను బనీనుతో, మోకాళ్లు కడుపులోకి ముడుచుకోని
పక్కింటి ట్యాంకు మీద చుక్కల్ని చూస్తా ఉండిపోయినా.
చలేసింది.
ఫ్యాక్టరీ ఆవిరిలో ఎన్ని రాత్రులు అడుక్కున్నానో ఈ చలిని.
ఎవుర్నీ లేపలేదు.

తెల్లారితే తిరుమల శనివారం, ఈ ఏడు మొదటిది.
నామాలు పెట్టుకోని, చెంబులు పట్టుకోని
వీధి పిల్లోళ్లు "గోవిందా" అంటా బయల్దేరినారు.
మా పాప ఊరంతా వదిలేసి
మా గడప ముందరే నిలబడి బియ్యం అడిగింది.
గజలక్ష్మి ముఖంలో ఒక్క గీత కదల్లేదు.
"ఎవురమ్మా నువ్వు? యా ఊరు మీది?"
దోసిలి నిండా పోసింది.
పాప నవ్వు పట్టలేక సగం కింద పోసేసింది.
నేనూ, నాలుగు చీమలూ, ఏరినాం.

ఇంటి ఓనరు ఇచ్చిన క్యాలెండరులో
ఇంకొన్ని రోజులకు శరదృతువు అని రాసుంది.
"శరత్తు మా క్లాసులోనే, లాస్టు బెంచి" అనింది లోహిత.

రెడ్డెప్ప ఫోన్ చేసినాడు,
వానలు పడితే చెనక్కాయలు పెరికే పని ఉంటుందంట.
వానలు పడకుంటే?
అది వాడూ చెప్పలేదు, నేనూ అడగలేదు.
గూట్లో కవరు తీసి నోట్లు ఎంచినా.
మళ్లీ ఎంచినా. అన్నే ఉండాయి.

"అది పెట్టి ఇట్లా రా" అనింది.
"సూదిలో దారం ఎక్కించు, కండ్లు మసకేస్తా ఉండాయి."
ఎప్పట్నుంచి మసకలు? అదీ గోడమీద రాసుంటే బాగుండు.
ఒడిలో ఎవురిదో దసరా జాకెట్టు, నెమలికంఠం రంగు.
పక్కకు జరిపిచ్చేదానికి చెయ్యి పెట్టినా,
ఆమె గుడ్డను ముక్కు దగ్గర పెట్టుకోని
"అయ్యో, మామిడిపండు వాసన!
ఆయమ్మ అడిగితే ఏం చెప్పేది నేను?"

నాకేం తోచలేదు.
దారం కొస నోట్లో తడి చేసుకోని
సూదిని ఆ వంగిన ఎండకు ఎత్తి పట్టినా.
మొదటిసారి పోలేదు.